వెనక చక్రం ఎటు పోతుంది?

 



ఈసారి పత్రంలో నిబ్బానం గురించి రాయమని మన ఉపాసకులు అడిగారు. కూర్చున్నాను, రెండు పేజీలు రాశాను, చింపేశాను. మన పేటలో ఒక ఇంటి గుమ్మానికి మళ్ళీ నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతుంటే నేను నిబ్బానం గురించి రాయడం నాకే నవ్వొచ్చింది. ఆ ఇల్లు ఎవరిదో చెప్పను. ఆ ఇంటి కుర్రోడు ట్రాక్టరు డ్రైవరు. మన చేతుల మీదుగా త్రిశరణాలు, పంచశీల, బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలు తీసుకున్నవాడు. దీక్ష తీసుకున్న మర్నాడే ఇంజను ముందు వేలాడే నిమ్మకాయల దండ తనే కోసి పారేశాడు. ఓనరు మొహం మాడ్చుకున్నా, దసరాకి చక్రాల కింద గుమ్మడికాయ పగలగొట్టనన్నాడు. అంతటివాడు.

మరి ఆ నిమ్మకాయ మళ్ళీ ఎందుకు వచ్చింది? అదే ఈ పత్రం.

మన వైపు ఇంజను అంటే ట్రాక్టరు, ట్రక్కు అంటే దాని వెనక తగిలించేది. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా మన తీరపు ఊళ్ళ బతుకు సగం ఈ ట్రక్కుల మీదే నడుస్తుంది. ఇసుక, ఉప్పు, సరుగుడు కర్ర, కొబ్బరికాయ, జీడిపిక్కల బస్తాలు, పెళ్ళి సామాను, అన్నీ దాని మీదే. 16వ నంబరు జాతీయ రహదారి దిగి సముద్రం వైపు తిరిగారంటే మీకు తెలుసు, ఆ రోడ్డు ఎలా ఉంటుందో. పేరుకి తారు రోడ్డు. దాన్ని వేసింది ఏ ఇంజనీరో గాని, గీసింది మాత్రం గెడ్డలూ ఉప్పుటేళ్ళూ. ఇటు మొగలి పొదలు, అటు సరుగుడు తోట, మధ్యలో పాము నడకలా మెలికలు. ఎదురుగా ఆటో వస్తే ఒకరు గట్టు దిగాలి.

ఆ రోడ్డు మీద మనవాడు ఒక ఫైబర్ తెప్పని పొడుగు ట్రక్కు మీద వేసుకుని ఒడ్డుకి లాక్కెళుతున్నాడు. తెప్ప ముక్కు ఇంజను వైపు, మోటారు వెనక వైపు. కూడా ఉన్నది అతని అక్క కొడుకు, పద్ధెనిమిదేళ్ళ గుంటడు. మలుపుల దగ్గర దిగి వెనకాల నడుస్తూ, 'పోనీ, పోనీ, ఆపు' అని కేకలేసే పని వాడిది. తుపాను వానలు వెలిసి రెండు రోజులైంది. ఒక ఎడమ మలుపులో ట్రక్కు వెనక చక్రం గట్టు దిగిపోయింది. బ్రేకు కొట్టేసరికి ఇంజను ఒక పక్కకి గిర్రున లాగేసింది. తెప్ప జారింది. ఆ గుంటడి కాలు దాని కింద పడింది. రెండు చోట్ల విరిగింది. ప్రాణం పోలేదు, కాలు తీసెయ్యలేదు. అయినా ఆసుపత్రి, రాడ్డు, నాలుగు నెలల మంచం, చేసిన అప్పు.

ఊరు ఏమంది? 'నిమ్మకాయ తీసేసినాడు, అందికే.' 'అమ్మోరికి కొబ్బరికాయ కొట్టనన్నాడు, అమ్మోరు కొట్టినాది.' ఊరు అనడం సరే. మన పేటలోనే అన్నారు. దీక్ష తీసుకున్న నోళ్ళతోనే అన్నారు. ఆ మాటలు అతని చెవిని పడ్డాయి.

ఇక నా సంగతి చెప్పాలి, దాచడం ధమ్మం కాదు. నేను పరామర్శకి వెళ్ళాను. అతని తల్లి గుమ్మంలో కూర్చుని ఉంది. ఆమెకి ఏదో ఒక ఓదార్పు మాట చెప్పాలని, నోటికి వచ్చింది అనేశాను. 'ఏం చేస్తాం తల్లీ, అంతా కర్మ' అన్నాను.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. 'అదేటి బావూ, పంతులుగోరూ అదే మాట సెప్పీవోరు కదా, మా తాత పాలేరుతనానికి. మరింక మీ కాడికి మేమెందుకొచ్చినాం?' అంది.

ముప్పై ఏళ్ళు బడిలో పాఠాలు చెప్పినవాడిని. ఆ అడుగుకి నా దగ్గర జవాబు లేదు. కప్పులో టీ చల్లారిపోయింది. లేచి వచ్చేశాను. ఆ వారంలోనే ఆ గుమ్మానికి నిమ్మకాయ వచ్చింది. అది ఊళ్ళోవాళ్ళు కట్టించింది కాదు బంధువులారా, నేను కట్టించింది.

ఇంటికొచ్చి బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' తీశాను. ఆయన కన్నుమూశాక, 1957లో అచ్చయిన పుస్తకం. కర్మ గురించి ఆయన ఎంత గట్టిగా నిలబడ్డారో మళ్ళీ చదువుకున్నాను. ఇప్పటి నీ దుఃఖానికి కారణం పోయిన జన్మలో నువ్వు చేసిన పని అనే మాట మనిషిని చేతులు కట్టుకుని కూర్చోబెడుతుంది. పేదవాడి పేదరికానికి పేదవాడినే దోషిని చేస్తుంది. సమాజం, రాజ్యం చేతులు దులుపుకుంటాయి. ఇది బుద్ధుడి మాట కాదని బాబాసాహెబ్ వాదన. మనిషి చేసే పనికి, ఈ లోకంలో దాని ఫలితానికి ఉన్న సంబంధమే బుద్ధుడి కర్మ సిద్ధాంతమని ఆయన చెప్పారు.

ఇంకా వెనక్కి వెళ్తే సంయుత్త నికాయంలో ఒక చిన్న సుత్తం ఉంది. రాజగృహంలో వేణువనంలో బుద్ధుడు ఉండగా మోళియ సీవకుడు అనే పరివ్రాజకుడు వచ్చి అడిగాడు: మనిషి అనుభవించే సుఖమైనా దుఃఖమైనా అంతా పూర్వం చేసినదాని వల్లనే అని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని. బుద్ధుడు ఒప్పుకోలేదు. నొప్పికి పిత్తం కారణం కావచ్చు, కఫం కావచ్చు, వాతం కావచ్చు, ఆ మూడూ కలిసిన సన్నిపాతం కావచ్చు, రుతువు మారడం కావచ్చు, తన ఒంటిని తను సరిగా చూసుకోకపోవడం కావచ్చు, బయటినుంచి తగిలిన దెబ్బ కావచ్చు అని ఒక్కొక్కటే చెప్పి, కర్మ విపాకాన్ని ఎనిమిదోదిగా, చివర చెప్పాడు. ఈ సంగతి ఎవరికి వారే చూసి తెలుసుకోవచ్చు, లోకమూ ఒప్పుకుంటుంది అన్నాడు. అంతా పూర్వకర్మే అనేవాళ్ళు తమకు తెలిసినదాన్నీ, లోకానికి తెలిసినదాన్నీ కూడా దాటిపోతున్నారని తేల్చాడు.

ఏడు కారణాలు వెతకమని బుద్ధుడు చెబితే నేను ఎనిమిదోది పట్టుకుని టీ తాగడానికి పోయానన్నమాట.

మర్నాడు పొద్దున్నే ఆ కుర్రోడిని లేపాను. 'తమ్ముడూ, పద, ఆ మలుపు నాకు చూపించు' అన్నాను. 'ఏటుంది మేష్టారూ అక్కడ సూడ్డానికి' అన్నాడు. అయినా బండి తీశాడు. ఇద్దరం వెళ్ళాం. ఇంతకాలం అతనికి నేను ధమ్మం చెప్పాను. ఆ రోజు అతను నాకు ట్రక్కు చెప్పాడు.

మొదట నేనే ఉపన్యాసం మొదలెట్టాను లెండి, అలవాటు. ధమ్మపదం మొదలవడమే బండి చక్రంతో మొదలవుతుంది, ఎద్దు అడుగు వెంట చక్రం ఎలా పడుతుందో చెడ్డ మనసుతో చేసిన పని వెంట దుఃఖం అలా పడుతుందనే పోలిక అది అని చెప్పబోయాను. అతను నవ్వాడు. ప్రమాదం తర్వాత అతను నవ్వడం అదే మొదలు. 'ఎద్దుబండికి అది రైటే మేష్టారూ. పొడుగు ట్రక్కుకి కాదు' అన్నాడు.

రోడ్డు మీద పుల్లతో గీసి చూపించాడు. ఇంజను మలుపు తిరిగిన దారిలోనే ట్రక్కు తిరగదు. అది లోపలికి కోసుకుంటూ వస్తుంది. ట్రక్కు ఎంత పొడుగైతే అంత లోపలికి కోస్తుంది. ఎడమ మలుపైతే ఇంజను చక్రాలు తారు మీదే ఉంటాయి, ట్రక్కు ఎడమ చక్రం తారు దిగి గట్టు మీద పడుతుంది. అందుకని మలుపు రాకముందే ఇంజన్ని కుడికి, ఎడంగా తీసుకుని, ఆలస్యంగా తిప్పాలి. రోడ్డు ఇరుకైతే ఎడంగా తీసుకోవడానికి చోటే ఉండదు. అప్పుడు ఆపి, మనిషిని దింపి, జానెడు జానెడుగా పోవాలి. వెనక్కి పోవాలంటే ఇంకా చిత్రం. ట్రక్కు ఎడమకి రావాలంటే స్టీరింగు కుడికి తిప్పాలి. కొత్తవాడు తడబడేది అక్కడే.

ఇంక పల్లంలో. బరువు వెనకనుంచి ఇంజన్ని తోస్తుంది. మన ట్రక్కుల్లో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ఆపాల్సింది ఇంజనే. డీజిలు కలిసొస్తుందని పల్లంలో న్యూట్రల్ కొట్టేవాళ్ళు ఉన్నారు. 'ఆళ్ళని దేముడు కూడా ఆపలేడు మేష్టారూ' అన్నాడు. దేవుడి మాట ఎత్తినందుకు నాలిక కరుచుకున్నాడు. నేను పట్టించుకోలేదు, మాట మాత్రం నిజం.

అప్పుడు అడిగాను: 'ఆ రోజు బ్రేకు కొడితే ఇంజను పక్కకి ఎందుకు లాగింది?'

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. ట్రాక్టరుకి బ్రేకు పెడళ్ళు రెండు ఉంటాయి, కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. పొలంలో గట్టు దగ్గర చప్పున మళ్ళించడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెంటినీ కలిపే గొళ్ళెం వెయ్యాలి. ఆ రోజు పొద్దున్న అతను దమ్ము చేసి నేరుగా తెప్ప దగ్గరికి వచ్చాడు. గొళ్ళెం వెయ్యలేదు. కాలు ఒక్క పెడలు మీదే పడింది.

'ఈ ముక్క ఎవరికీ సెప్పలేదు మేష్టారూ. అందరూ నిమ్మకాయ అంటంటే, పోనీ నిమ్మకాయే అనుకుందారని ఊరుకున్నాను.'

బంధువులారా, ఈ మాట దగ్గర కాస్త ఆగండి. మూఢనమ్మకం మనకి ఎందుకు తియ్యగా ఉంటుందో పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పనిది ఈ కుర్రోడు చెప్పాడు. నిమ్మకాయ మన తప్పుని కప్పుతుంది. గొళ్ళెం నా చేతిలో ఉంది, నిమ్మకాయ అమ్మోరి చేతిలో ఉంది. మేనల్లుడి కాలు నా మరుపు వల్ల విరిగిందనుకోవడం కన్నా అమ్మోరి కోపం వల్ల విరిగిందనుకోవడం తేలిక. నేను 'కర్మ' అన్నదీ అందుకే. మరి కాసేపు కూర్చుని సంగతి అడగడం కన్నా ఆ మాట అనడం తేలిక.

అయితే మొత్తం బరువు ఆ కుర్రోడి నెత్తిన పెట్టి రావడం కూడా నాకు ఇష్టం లేకపోయింది. అదీ అబద్ధమే అవుతుంది. ఇద్దరం ఆ గట్టు మీద కూర్చుని ఒక్కొక్కటే లెక్కపెట్టాం. గొళ్ళెం వెయ్యకపోవడం ఒకటి. మోటారు వెనక ఉండిపోయి బరువంతా తోక మీద పడటం ఒకటి. అలాంటప్పుడు ఇంజను వెనక చక్రాల మీద బరువు తగ్గి పట్టు సడలుతుంది, ట్రక్కు ఊగుతుంది. మోకు వదులుగా కట్టడం ఒకటి. వీణ తీగ గురించి బుద్ధుడు సోణుడికి చెప్పిన సంగతి మోకుకి కూడా పనికొస్తుంది, మరీ బిగిస్తే తెప్ప అంచు నొక్కుకుపోతుంది, వదిలేస్తే జారుతుంది. వానకి గట్టు కోసుకుపోయి తారు కింద డొల్ల పడటం ఒకటి. అది ఆ ఒక్క వానలో కాలేదు, రెండేళ్ళుగా ఉందని పక్క తోటలో ముసలాయన చెప్పాడు. తెప్ప ఓనరు మూడుసార్లు ఫోను చేసి తొందరపెట్టడం ఒకటి. ఇంజను ఓనరు కిరాయి ఒక ట్రిప్పుకి ఇంత అని కట్టడం ఒకటి. ట్రిప్పు లెక్కన కడితే ఏ డ్రైవరు మలుపు దగ్గర ఆగుతాడు? అసలు తీరపు పల్లెలకి రోడ్డు ఇంత ఇరుగ్గా ఎందుకుంది, పెద్ద కులాల ఊళ్ళలో ఎందుకు అలా లేదు, అదీ ఒకటి.

ఇది ఉంటే అది ఉంటుంది, ఇది లేకపోతే అది లేదు. పటిచ్చ సముప్పాదం అని మనం బోర్డు మీద రాసుకునే పెద్ద మాట ఇదే. ఈ లెక్కలో ఏ ఒక్కటి తప్పినా ఆ గుంటడి కాలు నిలిచేది. లెక్కంతా వెతికాం, నిమ్మకాయ ఎక్కడా తగల్లేదు.

ఒక సంగతి గుర్తుకొచ్చి అతనికి చెప్పాను. హైదరాబాదు హుస్సేన్ సాగర్‌లో నిలబడి ఉన్న బుద్ధుడి ఏకశిలా విగ్రహం, 58 అడుగులు, వందల టన్నుల బరువు. భువనగిరి దగ్గర రాయగిరిలో రాయి తొలిచి, వందకు పైగా చక్రాలున్న ట్రెయిలర్ మీద మెల్లగా నగరానికి తెచ్చారు. రోడ్డు మీద అంత దూరం క్షేమంగా వచ్చిన విగ్రహం 1990 మార్చి 10న నీళ్ళలో, బల్లకట్టు ఒరిగి మునిగిపోయింది. పనివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రెండేళ్ళకి పైగా అడుగున పడి ఉంది. బయటికి తీసి 1992 డిసెంబరు 1న నిలబెట్టారు. మునిగింది బుద్ధుడి విగ్రహం. మరి ఏ అమ్మోరి కోపం? బల్లకట్టు నిలకడ తప్పింది, బరువు ఒక పక్కకి ఒరిగింది. రాయికి బుద్ధుడి రూపం ఉందని నీరు దారి ఇవ్వదు. బుద్ధుడి శరణం తీసుకున్నాడని మలుపు దారి ఇవ్వదు. శరణం అంటే ప్రమాద బీమా అని మనలో కొందరికి లోపల్లోపల ఉంది. అది పోవాలి. పాత మొక్కుబడికి కొత్త పేరు పెట్టుకున్నట్టే అది.

వెనక వచ్చే గుంటడి సంగతికి వద్దాం. డ్రైవరు ముందుకి చూస్తాడు, వెనక నడిచేవాడు చక్రాన్ని చూస్తాడు. ఎవరు ఎవర్ని కాపాడాలి? ఇది కూడా సుత్తాల్లో ఉంది. సుంభుల దేశంలో సేదకం అనే ఊళ్ళో బుద్ధుడు చెప్పిన కథ. వెదురు గెడ మీద ఆట ఆడేవాడు ఒకడు. మన వైపు దొమ్మరాట చూసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పాళీలో అతన్ని చండాలవంసికుడు అన్నారు. ఆ పేరు అర్థం మీద పండితులు తగాదా పడతారు గాని, ఊరూరా గెడ నిలబెట్టి పొట్ట పోసుకునే బీదవాడు అన్నది మాత్రం ఖాయం. ధమ్మం చెప్పడానికి బుద్ధుడికి అలాంటివాడు గుర్తుకొచ్చాడు, చూడండి. గురువు గెడ నిలబెట్టి శిష్యుణ్ణి పైకెక్కించి, నువ్వు నన్ను చూసుకో, నేను నిన్ను చూసుకుంటాను, అలా క్షేమంగా దిగుదాం అంటాడు. శిష్యుడు మేదకథాలిక ఒప్పుకోడు. అలా కాదు, మీరు మిమ్మల్ని చూసుకోండి, నేను నన్ను చూసుకుంటాను, అప్పుడే ఇద్దరం దిగుతాం అంటాడు. బుద్ధుడు శిష్యుడి మాటే సరి అన్నాడు. ఆపైన ఇంకొకటి కలిపాడు. తనని తాను ఎరుకతో కాపాడుకునేవాడు పరుల్ని కాపాడుతున్నాడు, ఓర్పుతో, అహింసతో, మైత్రితో, దయతో పరుల్ని కాపాడేవాడు తనని కాపాడుకుంటున్నాడు అని.

ఈ కథ విని మనవాడు, 'గొళ్ళెం ఏస్తే ఆడి కాలు కాసినట్టే కదా మేష్టారూ' అన్నాడు. నేను ఇంతకన్నా బాగా వివరించలేను.

ఆ పుల్ల గీత మాత్రం నన్ను వదల్లేదు. వెనక చక్రం లోపలికి కోస్తుందన్న సంగతి. ఇళ్ళలో చూస్తున్నాను. తండ్రి దీక్ష తీసుకున్నాడు. మద్యం ముట్టనని ప్రతిజ్ఞ చేశాడు. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం 'ఒక్క గుక్క, మాట కోసం' అంటాడు. అతని చక్రాలు తారు మీదే ఉన్నాయి, ఒప్పుకుంటాను. వెనక కొడుకు వస్తున్నాడు. తల్లి, 'ముసలావిడ బాధపడుతుందని ఒక్క కొబ్బరికాయ' అంటుంది. వెనక కూతురు వస్తోంది. వాళ్ళు మనం నడిచిన గీతలోనే నడుస్తారనుకుంటాం. మలుపులో వాళ్ళు మనకన్నా లోపలికి కోసుకుంటూ వస్తారు. మనం గట్టుకి జానెడు దూరంలో పోతే వాళ్ళ చక్రం గట్టు దిగుతుంది. మనం ఎడంగా తీసుకుని పోవాల్సింది అందుకే. మనకి చోటు సరిపోతే చాలదు.

బాబాసాహెబ్ తన పనిని ఒక బిడారుతో పోల్చిన మాట ఆయన కార్యదర్శి నానక్ చంద్ రత్తు రాసిపెట్టారు. మన పోస్టర్లలో దాన్ని 'రథం' అని వేస్తుంటారు. నాకు అది నచ్చదు. రథం మీద ఒకడు కూర్చుంటాడు, మిగతావాళ్ళు లాగుతారు, కొబ్బరికాయలు కొడతారు. బిడారులో అందరూ నడుస్తారు, వెనకవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు.

తర్వాత ఏమైందో క్లుప్తంగా చెబుతాను. ఆ సాయంత్రం అతను తల్లి దగ్గరా అక్క దగ్గరా గొళ్ళెం సంగతి చెప్పాడు. అక్క ఏడ్చింది, తిట్టింది, రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నం పంపింది. నేనూ ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, 'ఆ రోజు తప్పు మాట అన్నాను తల్లీ' అన్నాను. 'తెలిసినాది లే బావూ, కూకో' అంది. ఆవిడే లేచి నిమ్మకాయ తెంపి, అందులో పురుగు ఉందో లేదో చూసి పారేసింది. గట్టు డొల్ల గురించి పేటవాళ్ళూ ఒడ్డున ఉండే గంగపుత్రులూ కలిసి అర్జీ రాశాం. అరవై పైచిలుకు సంతకాలు, వేలిముద్రలు. ఇప్పటిదాకా రెండు బళ్ళ మట్టి మాత్రం పడింది. అర్జీ మళ్ళీ ఇస్తాం. మలుపు ముందు రాతి మీద మన కుర్రాళ్ళు సున్నం పూసి 'ట్రక్కు ఆపి దిగి చూడు' అని రాశారు. కిరాయి ట్రిప్పుకి కాకుండా రోజుకి కట్టమని ఓనర్లని డ్రైవర్లు అడుగుతున్నారు. ఒకాయన ఒప్పుకున్నాడు, మిగతావాళ్ళు ఇంకా చూస్తున్నారు.

గుంటడు కర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

ఇక వైశాఖ పున్నమి సంగతి. ఎప్పటిలాగే శాలిహుండం వెళ్తున్నాం. వంశధార ఒడ్డున ఆ కొండ మీద మన పూర్వీకుల స్తూపాలు, చైత్యాలు ఉన్నాయని 1919లో గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తించేదాకా లోకానికి తెలియదు. కొండ మీదికి నడిచే వెళ్ళాలి, చిన్నపిల్లలకి చెప్పులు మరిచిపోకండి. కిందటేడు మనలో నలభైమంది ఒకే ట్రక్కులో కూర్చుని వచ్చారు. ఆడవాళ్ళు, పిల్లలు, అంచుల మీద కుర్రాళ్ళు. నేనూ అందులోనే కూర్చుని దారి పొడుగునా వందన పాడించాను. ఈసారి ట్రక్కులో మనుషుల్ని ఎక్కించేది లేదు. శ్రీకాకుళం నుంచి గార మీదుగా బస్సులో రండి, ముసలివాళ్ళకి ఆటోలు మాట్లాడుతున్నాం, చందా ఎవరికి తోచింది వారు ఇవ్వండి. మంచినీళ్ళ డ్రమ్ములు, వంట పాత్రలు, చాపలు మాత్రం ట్రక్కు మీద వస్తాయి. తోలేది మనవాడే. తెల్లవారి అయిదింటికి బయల్దేరతాడు, సామాను రాత్రికే మా ఇంటి దగ్గర చేర్చండి. బరువైనవి ముందు వైపు ఎక్కించాలని చెప్పమన్నాడు.